మధ్యాహ్నం వెచ్చగా ఉండే ఇల్లు

పంటి నొప్పి డాక్టరు గుమ్మం దాటగానే మాయమైపోతుంది చూడండి, ఈషా వాళ్ల ఇంటి చలి కూడా సరిగ్గా అలాంటిదే. పొద్దున్న ఏడింటికల్లా ఫోను వచ్చేది. "సంయుక్తా, బెడ్‌రూమ్‌లో పదిహేడు డిగ్రీలుందమ్మా. పాపకి మూడు స్వెటర్లు వేశాం. ఇంక వెయ్యడానికి పాపే కనబడట్లేదు." సంయుక్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, వేరే ఇళ్ల పనులు చూసుకుని, మధ్యాహ్నానికి అక్కడికి చేరేది. అప్పటికి రేడియేటర్లు వెచ్చగా, గోడ మీది సెన్సర్ ఇరవై ఒక్క డిగ్రీలు చూపిస్తూ, ఇల్లు ఏ పాపం ఎరగనట్టు నిలబడి ఉండేది. ఆమె బ్యోబ్లింగెన్ ఆఫీసుకు తిరిగొచ్చి కోటు విప్పుతుండగానే, సాయంత్రం మళ్లీ ఫోను.

నెల రోజులుగా ఇదే తంతు. సంయుక్తకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆమెది జగిత్యాల. బ్రెమెన్‌లో ఎనర్జీ ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, బ్యోబ్లింగెన్‌లో పదకొండు మంది పనిచేసే ఓ చిన్న హీటింగ్ కంపెనీలో చేరింది. చేరి ఆరు నెలలు కావస్తోంది. జర్మనీలో ఉద్యోగానికి మొదటి ఆరు నెలలూ ప్రోబెత్సైట్. అంటే నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే మర్యాదగా చెయ్యి కలిపి రెండు వారాల్లో పంపేస్తారు. ఆ గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది. జర్మనీలో ఉండనిచ్చే బ్లూ కార్డు ఆ ఉద్యోగం మీదే ఉంది. సంయుక్తకు రాత్రి నిద్రపోయే ముందు, పొద్దున్న నిద్ర లేచాక గుర్తొచ్చేది ఈ ఒక్క సంగతే.

అసలు ఈ ఇల్లు ఆమె తనంత తానుగా డిజైన్ చేసిన మొదటి ఇల్లు. డెబ్భై నాలుగులో కట్టిన ఇల్లది. ఈషా, ఆమె భర్త శ్రీహర్ష దాన్ని కొనుక్కుని, గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టించుకోవాలనుకున్నారు. "మన తెలుగమ్మాయే చేస్తుందట" అని వెతుక్కుంటూ వచ్చారు కూడాను. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక్కి తోస్తుంది కదా, హీట్ పంపుదీ ఆ పనే. బయట చలిగాలిలో మిగిలి ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి తోస్తుంది. అయితే గ్యాస్ బాయిలర్‌లా భగ్గుమని మండి గంటలో ఇల్లు వేడెక్కించెయ్యడం దానికి చేతకాదు. నీళ్లను గోరువెచ్చగా చేసి రోజంతా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. మధ్యలో దాన్ని ఆపితే మళ్లీ ఇల్లు వెచ్చబడటానికి పూట పడుతుంది.

యజమాని ఐజెలే గారు ముప్పై అయిదేళ్లుగా గ్యాస్ బాయిలర్లు బిగించిన మనిషి. హీట్ పంపులంటే ఆయనకు కోపమేమీ లేదు. కానీ పాత ఇంటికి పెట్టాలంటే నేలంతా తవ్వి కింద పైపులు పరిచి తీరాలనేది ఆయన నమ్మకం. అక్కర్లేదని వాదించింది సంయుక్త. అటక మీద ఇన్సులేషన్ పరిచి, మూడు గదుల్లో రేడియేటర్లు పెద్దవి పెట్టి, నీళ్లు నలభై రెండు డిగ్రీలకు తిప్పితే చాలునని ప్రతి గదికీ కొలతలు తీసి చూపించింది. ఆయన కాగితాలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి, "సరే. లెక్క మీది, పూచీ మీది" అన్నాడు.

ఇప్పుడా పూచీ పీకల మీదకు వచ్చింది. ఈషా పాపకు ఆరు వారాలు. పోయిన వారం సంయుక్త సెన్సర్‌నే అనుమానించి కొత్తది బిగించింది. లాభం లేకపోయింది. ఐజెలే గారు ఆమెను గదిలోకి పిలిచి, అరవకుండా, అదే ఇంకా భయం పుట్టించింది, మెల్లగా చెప్పాడు. "శుక్రవారం దాకా చూడండి. కారణం దొరక్కపోతే సోమవారం పాత బాయిలర్ తిరిగి పెట్టేస్తాం. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో నేను ప్రయోగాలు చెయ్యను. మీ ప్రోబెత్సైట్ సంగతి కూడా ఆ రోజే మాట్లాడుకుందాం."

ఆ పాత బాయిలర్ ఆఫీసు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. సంయుక్త సైకిల్ పెట్టడానికి వెళ్లినప్పుడల్లా అది తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించేది.

ఆ వారం సోమవారం మధ్యాహ్నం ఆమె లంచ్ డబ్బా తెరుచుకుని, కంప్యూటర్ మీద ఆ ఇంటి గ్రాఫ్ ముందు కూర్చుంది. గోడ మీది సెన్సర్ ఏ గంటకు ఎంత వేడి చూసిందో అందులో గీతలా కనిపిస్తుంది. ఆ గీత రోజూ పొద్దున్న ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి దిబ్బలా లేచేది. హాలు ఇరవై ఆరు డిగ్రీలకు చేరిందని సెన్సర్ కబురు పంపేది. ఇల్లు వెచ్చగానే ఉందని హీట్ పంప్ పని మానేసేది. నిజానికి ఇంట్లో మనుషులు వణుకుతుండేవారు. దిబ్బ దిగాక పంప్ మళ్లీ పని మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ఇంటిని దారికి తెచ్చేది. సరిగ్గా అప్పుడే సంయుక్త తలుపు తట్టేది.

దిబ్బ ఎందుకు లేస్తోందో మాత్రం అంతు చిక్కలేదు. ఎండ అనుకుందామంటే, నవంబరులో బ్యోబ్లింగెన్‌కు ఎండ చుట్టపుచూపుగా కూడా రాదు. వంట అనుకుందామంటే, వంటిల్లు హాలుకు ఆ చివరన ఉంది. పొద్దున్నా సాయంత్రం ఏం చేస్తుంటారని ఈషానే అడిగింది. "ఏముంది, పాలు, డైపర్లు, ఏడుపు. ఏడుపులో సగం నాది" అంది ఈషా. ఇవాళ అన్నిటికన్నా విడ్డూరం. పొద్దున్న లేచిన దిబ్బ మధ్యాహ్నమైనా దిగలేదు. ఇరవై ఏడు చూపిస్తోంది. వెనక్కి జరిపి చూస్తే పోయిన సోమవారం కూడా అంతే.

ఆలోచిస్తుండగా జగిత్యాల నుంచి వీడియో కాల్. వాళ్లమ్మ లక్ష్మీదేవి.

"తిన్నవా బిడ్డా?"

"తింటున్ననే."

"ఏం తింటున్నవ్?"

సంయుక్త గుడ్డు రోల్‌ను బల్ల కిందికి దించేసింది. "పెరుగన్నం."

"మంచిగయింది. కార్తీక సోమారం గదా ఇయ్యాల, దీపం పెట్టినవా?"

"పొద్దుగాల్నే బస్సుకు ఉరికిన. దీపం ఏడిదే అమ్మా."

"నేనైతే తెల్లారక ముందే పెట్టిన. చుక్క పొడిచేదాక కొండెక్కనియ్య. ఇగో సూడు, మంచిగ సూసి మొక్కుకో." లక్ష్మీదేవి ఫోనును దేవుడి అర దగ్గరకు తీసుకెళ్లి, దీపం మీదుగా వంచి పట్టుకుంది. తెరంతా పసుపుపచ్చ వెలుగు. అంతలో ఫోను గబుక్కున వెనక్కి జరిగింది. "అబ్బ! చెయ్యి కాలుతాంది. గింత దీపానికి గంత సెగ ఉన్నదేందే?"

సంయుక్త మొక్కుకోలేదు. తల్లి ముఖం వైపు చూసింది, గ్రాఫ్ వైపు చూసింది, మళ్లీ తల్లి వైపు చూసింది.

పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. సోమవారం రోజంతా.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత. మళ్ల చేస్త" అని ఫోను పెట్టేసి, కోటు వేసుకుంటూనే మెట్లు దిగింది. గుడ్డు రోల్ బల్ల కిందే ఉండిపోయింది.

బస్సులో కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. సెప్టెంబరులో తను సెన్సర్ బిగించినప్పుడు హాల్లో ఆ గోడ బోసిగా ఉండేది. కిటికీకి దూరంగా, గాలి తగలని లోపలి గోడ. పుస్తకంలో చెప్పినట్టు అంతకన్నా మంచి చోటు ఉండదు. అక్టోబరులో ఈషా పురుడు కోసం గుడివాడ నుంచి వాళ్లమ్మ రత్నకుమారి వచ్చింది. దేవుణ్ణి వంటింటి అల్మారాలో, గిన్నెల పక్కన చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. తూర్పుముఖంగా ఉంటుందని టేకు మందిరాన్ని హాల్లో ఆ గోడకే పెట్టించింది. మధ్యాహ్నం దేవుడు పడుకునే వేళ అని మందిరం తలుపులు మూసేసేది. సోమవారాలు ఆఫీసు పనే కావడంతో సంయుక్త ఆ రోజు ఎన్నడూ వెళ్లలేదు, మిగతా రోజుల్లో ఎప్పుడు వెళ్లినా మూసిన తలుపులే చూసింది. చూసి ఊరుకుందా? రెండుసార్లయితే చెప్పులు విడిచి, చేతులు జోడించి, సెన్సర్ బాగానే ఉంది కదా స్వామీ అని దేవుణ్ణే అడిగి మరీ వచ్చింది.

తలుపు తీసింది రత్నకుమారే. రెండు స్వెటర్లు, పైన శాలువా, నుదుట విభూతి. ఉపవాసంతో ముఖం వడలిపోయి ఉంది.

"రా అమ్మాయ్. ఇవాళ మధ్యాహ్నమైనా చలి తగ్గలేదు. దేశం చలా, ఇంటి చలా నాకైతే తెలియట్లేదు."

హాల్లో మందిరం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల అయిదు వత్తుల ఇత్తడి కుంది నిండుగా వెలుగుతోంది. మందిరానికి జానెడు పైన, గోడ మీద, తెల్లటి చిన్న సెన్సర్. దాని మీద అంకెలు: ఇరవై ఏడు పాయింట్ ఆరు.

సంయుక్త ఉన్నచోటనే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నెల రోజుల భయం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. కళ్లు తుడుచుకుంటే మళ్లీ నీళ్లొచ్చాయి. రత్నకుమారి కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. పాపను ఎత్తుకుని ఈషా బెడ్‌రూమ్ నుంచి వచ్చి, "ఏమైంది? బాయిలర్ తెచ్చేస్తున్నారా?" అంది.

"లేదక్కా, బాయిలర్ రాదు. దొరికింది." సంయుక్త వేలితో దీపాన్ని, దాని పైన సెన్సర్‌ను చూపించింది. "ఈ దీపం సెగ సెన్సర్‌కు తగుల్తుంది. ఇల్లంతా ఎచ్చగున్నదని అది పంపుకు చెప్తుంది. పంప్ పండుకుంటది. అంతే, ఇంకేం లేదు."

ఈషా పాపను భుజాన సర్దుకుని దీపం దగ్గరకు వచ్చి చూసింది. దీపమంటే వెలుగు. వేడి అని ఎవరికి తోస్తుంది? నెల రోజులుగా రోజుకు రెండుసార్లు ఆ దీపం ముందే నిలబడి, ఇల్లు వెచ్చగా ఉండేట్టు చూడు స్వామీ అని ఆమె దండం పెట్టుకుంది కూడా.

రత్నకుమారి ముఖంలో మాత్రం నవ్వు లేదు. "అంటే... నా దీపమేనా పసిదాన్ని ఇన్నాళ్లూ వణికించింది?" అంటూ మందిరం వైపు అడుగు వేసింది. చెయ్యి వత్తుల దాకా వెళ్లి ఆగిపోయింది. కార్తీక సోమవారం దీపాన్ని చేతులారా కొండెక్కించడం ఆవిడ అరవై రెండేళ్లలో ఎన్నడూ చెయ్యలేదు.

సంయుక్త గబుక్కున లేచి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, దీపం జోలికి పోకండి. దేవుడు ఉన్నకాడనే ఉంటడు. జరగాల్సింది నా సెన్సర్."

"నిజంగానా?"

"రెండు మరలే ఆంటీ. చూస్తుండండి."

సెన్సర్‌కు వైరు లేదు, పోయిన వారం మార్చినప్పుడు వైర్లెస్‌ది పెట్టింది. దాన్ని విప్పి ఎదుటి గోడకు, సోఫాకు దూరంగా, భుజం ఎత్తున బిగించింది. పావుగంటకు అంకెలు మెల్లగా దిగాయి. ఇరవై నాలుగు, ఇరవై, పద్దెనిమిది. ముగ్గురూ నిలబడి వాటినే చూశారు. పెరట్లో హీట్ పంప్ ఫ్యాను ఒకసారి కదిలి, ఆగి, సన్నగా తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినగానే సంయుక్త గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గంటకు రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసిన రత్నకుమారి ఒక స్వెటర్ విప్పింది. సాయంత్రం చుక్క పొడిచాక, ఉపవాసం విడుస్తూ రెండోది కూడా విప్పి, సంయుక్తకు పులిహోర వడ్డించింది.

అప్పుడే సంయుక్త సంచీలోంచి రిపోర్టు కాగితం తీసింది. కంపెనీ ఫారమే అది. చివర్లో తప్పు ఎవరిదని రెండు గళ్లు ఉంటాయి. ఒకటి కస్టమర్‌ది, రెండోది తమది. కస్టమర్ గడిలో టిక్కు పెడితే సంయుక్త నెత్తిన పాలు పోసినట్టే. డిజైన్ సరైనదే, బిగింపు సరైనదే, వాళ్లే తెలియక సెన్సర్ కింద మంట పెట్టుకున్నారు. ఐజెలే గారు మారు మాట్లాడడు.

భుజం మీదుగా తొంగి చూసిన ఈషా ఆ గళ్ల సంగతి చదివి తల్లికి చెప్పింది. రత్నకుమారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నా పేరు రాసెయ్ అమ్మాయ్. నన్నేం చేస్తారు, ఉద్యోగంలోంచి తీసేస్తారా?"

సంయుక్త పెన్ను ఆ గడి మీదకు వెళ్లింది కూడా. అబద్ధమెందుకు, వెళ్లింది. కానీ చేతులు జోడించుకుని ఆ మందిరం ముందు తను నిలబడిన రెండు మధ్యాహ్నాలు కళ్ల ముందుకొచ్చాయి. ఐజెలే గారికి తెలియకపోతే ఒక అర్థం ఉంది. పొద్దున్నా సాయంత్రం దీపం పెట్టే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల తను. దేవుణ్ణి ఎక్కడ పెట్టుకుంటారక్కా అని ఒక్క మాట సెప్టెంబరులోనే అడగాల్సింది. రెండో గడిలో టిక్కు పెట్టి, కింద రాసింది: "సెన్సర్ పెట్టే ముందు ఇంట్లో దీపం ఎక్కడ వెలుగుతుందో నేను అడగలేదు. తప్పు నాది."

ఆ వారం చలి విరుచుకుపడింది. బుధవారం తెల్లవారుజామున బయట మైనస్ ఆరు. గ్రాఫ్‌లో మాత్రం ఇరవై ఒకటి దగ్గర గీత గీసినట్టు ఒకే గీత. గురువారం ఈషా ఫోటో పంపింది. ఒక్క పల్చటి చొక్కాతో పడుకుని పాప గాల్లోకి కాళ్లు ఆడిస్తోంది. ఆ బోసి పాదాలు చూసి సంయుక్త ఆఫీసులోనే కాసేపు అటు తిరిగి కూర్చోవాల్సి వచ్చింది. నలభై రెండు డిగ్రీల నీళ్లు చాలు. నేల తవ్వక్కర్లేదు. ఆ పాత ఇల్లు సరిపోయింది. లెక్క నిలబడింది.

ఇక ఉద్యోగమే నిలబడాలి. ఆ వారం గ్రాఫ్ కూడా జతచేసి శుక్రవారం సాయంత్రం రిపోర్టు ఐజెలే గారి బల్ల మీద పెట్టేసరికి ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. శనివారం, ఆదివారం ఆమె రూము రెండుసార్లు కడిగింది.

సోమవారం ఏడున్నరకు ఆమె ఆఫీసుకు వచ్చేసరికి ఐజెలే గారు తన గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో రిపోర్టు. నిద్ర లేని ముఖం. "కూర్చోండి" అన్నాడు. కూర్చుంది. తానూ కూర్చున్నాడు. రిపోర్టును బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు. సంయుక్త గోడ మీది క్యాలెండర్‌లో బ్లూ కార్డుకు మిగిలే రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"ఇది శనివారం ఇంటికి తెప్పించుకుని చదివాను" అన్నాడు చివరికి. "నిన్న మొదటి అడ్వెంట్ ఆదివారం. మీకు తెలుసుగా, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు మేం పచ్చటి కొమ్మల వలయంలో కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా ఆవిడ హాల్లో చిన్న బల్ల మీద పెడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ అదే బల్ల."

సంయుక్త తలూపింది. ఈయన ఎటు పోతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"ప్రతి డిసెంబరులోనూ మా ఇల్లు చల్లగా ఉంటుందని ఆవిడ అంటుంది. ఇరవై రెండేళ్లుగా అంటోంది. స్వెటర్ వేసుకో అని నేను అంటున్నాను. ఇరవై రెండేళ్లుగా." ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "నిన్న సాయంత్రం ఆవిడ కొవ్వొత్తి వెలిగించింది. మీ రిపోర్టు నా చేతిలో ఉంది. నేను తలెత్తి గోడ వైపు చూశాను."

"సెన్సర్..."

"సరిగ్గా దాని పైన. నా చేత్తో నేనే బిగించింది."

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆయనే. ఎరుపెక్కి, బల్ల మీద చెయ్యి కొట్టుకుంటూ, పక్క గదిలోని మెకానిక్కులు తొంగి చూసేంతగా నవ్వాడు. సంయుక్తకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది.

"అయితే నాకు..." అంది.

ఆయన సొరుగులోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది ఇక మీదట ప్రతి కొత్త ఇంటికీ తీసుకెళ్లాల్సిన ఫారం. పాత ప్రశ్నల కింద ఒక కొత్త ప్రశ్న చేతిరాతతో ఉంది. "మీ ఇంట్లో దీపం ఎక్కడ వెలుగుతుంది?" రెండోది ఆమె ఉద్యోగం ఖాయం చేసిన కాగితం. సంతకం పెట్టి ఉంది. తారీకు శనివారానిది, కొవ్వొత్తి వెలిగించడానికి ఒక రోజు ముందుది.

"తప్పు మీది అని రాసుకున్నారు చూడండి, అది చదివాకే పెట్టాను" అన్నాడాయన. "నా తప్పు ఒప్పుకోవడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. ఇక వెళ్లండి, జిండెల్ఫింగెన్‌లో కొత్త ఇంటివాళ్లు ఎనిమిదింటికి ఎదురుచూస్తుంటారు."

సంయుక్త సైకిల్ కోసం షెడ్డులోకి వెళ్లింది. దుప్పటి కింద పాత బాయిలర్ అలాగే పడుకుని ఉంది. ఆమె దుప్పటి అంచు సర్ది, దాని మీద ఒకసారి తట్టి, సైకిల్ బయటికి తీసింది.